కట్టంగూరామె పేరు

"మీ ఇంటామె పేరేంది తాతా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఐలేశం తల దించుకొని మీసాల్లో నవ్వుకున్నాడు. అరవై దాటిన గొల్ల పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పరాయి ఆడపిల్లలు ఇద్దరు ఎదురుగా ఉండి, పెండ్లాం పేరు చెప్పమంటే ఏం చేస్తాడు? ఏం చేసినా పేరు మాత్రం చెప్పడు. వాళ్ల తరంలో మొగుడి పేరు పెండ్లాం ఎత్తదు, పెండ్లాం పేరు మొగుడు ఎత్తడు. ఎత్తితే ఎదుటి మనిషికి ఆయుష్షు తగ్గుతుందని పెద్దలన్నారు. తగ్గుతుందో లేదో పరీక్ష చేసి చూసే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

"సిగ్గువడుతుండు మేడం," అని నర్సు కిసుక్కున నవ్వింది.

డాక్టరమ్మ కూడా నవ్వి ఆ ప్రశ్న వదిలేసింది. మంచి పిల్ల. అంతకుముందు ఇవ్వాళ ఏ వారమని అడిగితే ఐలేశం "సంత తెల్లారి" అన్నాడు. చెంబు, గొడ్డలి, మామిడిపండు అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటే మామిడిపండు ఒక్కటే చెప్పాడు. షుగరున్నవాడికి మామిడిపండు కాక ఇంకేం గుర్తుంటుంది!

"తాతా, షుగరంటే కాళ్లకు, కండ్లకే అనుకోకు," అన్నది డాక్టరమ్మ. "ఏండ్లకేండ్లు రక్తంల చక్కెర ఎక్కువుంటె మెదడు గూడ మొద్దువారుతది. యాది తగ్గుతది. గోళీలు మానొద్దు. పొద్దుగాల గట్టిగ నడువాలె, చెమట రావాలె. నువ్వు నడిస్తె నీ తలకాయకే మంచిది."

"సరస్వతి ఆకు తినొచ్చునా బిడ్డా? మా అమ్మ మాటలు రాని పిల్లలకు నాకిస్తుండె. పొడపత్రి గూడ షుగరుకు మంచిదంటరు."

"తింటె తిను. అవి పనిచేస్తయా అని పెద్ద పెద్దోళ్లు ఇంక చూస్తనే ఉన్నరు. గని గోళీ బంద్ చేసి ఆకు తినకు. గోళీతోని షుగర్ దిగుతది, నడిస్తె దిగుతది, పొడపత్రితోని దిగుతది. అన్నీ కలిసి ఒక్కసారే దించితె కండ్లు తిరిగి పడతవ్. జేబుల ఇంత చక్కెర పెట్టుకొని తిరుగు."

కొడుకు మల్లేశ్ మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడి గోళీల సంచీతో వచ్చాడు. బండి వెనక కూర్చున్నాక కూడా ఐలేశానికి నవ్వు ఆగలేదు. ఎంత ధైర్యం ఆ పిల్లకు, పెండ్లాం పేరే అడుగుతుందా! తాను చెప్పే మనిషి కాదు గానీ, తప్పక చెప్పాల్సి వస్తే ఏమని చెప్పేవాడు... అనుకుంటూ ఆ పేరును లోపల్లోపలే ఒకసారి పలకబోయాడు.

రాలేదు.

కట్టంగూరామె అని వచ్చింది. అది పేరు కాదు, ఊరు. కట్టంగూరు నుంచి వచ్చిన కోడలని ఊరంతా అట్లాగే పిలిచింది, ఐలేశమూ అట్లాగే పిలిచాడు. "కట్టంగూరామే" అంటే ఏ మూలనున్నా "ఆఁ" అని పలికేది. అది సరే, పేరు? బండి చౌరస్తా దాటింది, సర్వీసు రోడ్డెక్కింది, ఇంటిముందు ఆగింది. అప్పటిదాకా వెతుకుతూనే ఉన్నాడు. సిగ్గుపడి చెప్పలేదని నర్సు అనుకుంది. తానూ అదే అనుకున్నాడు. సిగ్గు పక్కకు జరిపి చూస్తే దాని వెనక ఏమీ లేదు. కాళ్లు కింద పెట్టడానికి కూడా భయమేసింది ఆయనకు.

"ఏమైంది బాపూ, దిగవా?" అన్నాడు మల్లేశ్.

"దిగుతున్న తియ్," అన్నాడు ఐలేశం.

కట్టంగూరామె చనిపోయి రెండేళ్లు దాటింది. ఆమె పోయిన కొద్ది రోజులకే మంద అమ్మేశాడు. అమ్మక ఏం చేస్తాడు? తాతల నాటి నుంచి గొర్రెలు మేసిన గుట్టకింది బీడంతా వెంచరు వాళ్లు రాళ్లు పాతారు. మనిషికంటే తెలుస్తుంది గానీ, ఈ గడ్డి ఫలానా వాళ్ల ప్లాటుదని గొర్రెకెట్లా తెలుస్తుంది? రోజూ తిట్లు, రోజూ తగాదాలు. కొడుకు చౌటుప్పల్లో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, కోడలు నాగరాణి ఇంకో ఫ్యాక్టరీలో ప్యాకింగుకు పోతుంది. ఇద్దరూ బతిమాలి తమ కిరాయింటికి తెచ్చుకున్నారు. మంచి పిల్లలు, వంక పెట్టడానికి లేదు. పొద్దున్నే వండి, గిన్నె మీద మూత పెట్టి, గోళీలు గిన్నె పక్కన పెట్టి పోతారు. ఆ మూత తీసేదాకా, తీసి తిని మళ్లీ పెట్టేదాకా ఆ ఇంట్లో మాట అనేది వినపడదు. గొర్రెల వెనక తిరిగినన్నాళ్లు ఒంట్లో అణిగి ఉన్న షుగరు, కూర్చున్నాక లేచి కూర్చుంది.

మీరంటారు, ఇంత బాధెందుకు, కొడుకును అడిగితే పోదా అని. అడగండి చూద్దాం! "బిడ్డా, మీ అమ్మ పేరేంది?" అని ఏ తండ్రి అడుగుతాడు? అడిగిన మరుక్షణం ఆ కొడుకు మొహం చూడగలడా? గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. ఫోటో కింద పేరు కూడా రాయించారు. ఐలేశానికి గొర్రె చెవి మీద కోసే గుర్తులు తప్ప వేరే రాతలు తెలియవు. రోజూ ఆ ఫోటో కింద నిలబడి ఆ అక్షరాలను చూసేవాడు, అవి ఈయన్ని చూసేవి. పక్క గదుల్లో ఉండేవాళ్లంతా ఫ్యాక్టరీ పనికొచ్చిన బీహారు మనుషులు. ఒకరోజు నీళ్ల క్యాను అడగడానికొచ్చిన ఒకాయనకు ఫోటో చూపించి, చదువు అని చేత్తో సైగ చేశాడు. "తెలుగు నహీ ఆతా దాదా," అని ఆయన ఫోటోకు దండం పెట్టి, చెప్పులు తొడుక్కొని పోయాడు.

పోనీ ఫోటో గోడ మీంచి తీసి కిరాణా కొట్టుకు తీసుకుపోవచ్చు. పోలేదు. ఎందుకంటే ఐలేశం మనసులో ఒక లెక్క పడింది. తనంతట తాను ఆ పేరు గుర్తు తెచ్చుకుంటే తలకాయ ఇంకా తనదే. ఎవరో చెప్తే విని తెలుసుకోవాల్సి వస్తే ఇక తన పని అయిపోయినట్టే. ఈరోజు ఆమె పేరు పోయింది. రేపు మొహం పోతుంది. ఆ తర్వాత అసలు అట్లాంటి మనిషి ఒకామె ఉండేదనే సంగతే పోతుంది. ఆమెను గుర్తుపెట్టుకొనేందుకు తాను తప్ప ఎవరున్నారు? కొడుకుకు అమ్మగా తెలుసు, కోడలికి అత్తగా తెలుసు. మంద పక్కన గొంగడి పరుచుకొని ఎవరి మీదో కోపంతో ముడుచుకొని పడుకున్న మనిషిగా ఎవరికి తెలుసు?

అందుకని నడక మొదలుపెట్టాడు.

కొడుకు బూట్లు కొనిచ్చాడు. పొద్దున్నే సర్వీసు రోడ్డు మీద నడిచేవాళ్లు చాలామందే ఉంటారు, చెవుల్లో ఏవో పెట్టుకొని, ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకుండా మాట్లాడుతూ పోతుంటారు. ఐలేశం కర్రను భుజాల మీద అడ్డంగా పెట్టి, దానికి రెండు చేతులూ వేలాడేసి నడిచేవాడు. ఆయన నడిచిన నడకంతా గొర్రె నడక. గొర్రె తల దించితే ఆగాలి, తల ఎత్తితే కదలాలి. ఇప్పుడు ముందర ఏమీ లేదు. ఖాళీ రోడ్డును చూస్తూ గట్టిగా నడవమంటే ఆ కాళ్లకు అర్థం కాలేదు. గడ్డి కనిపించిన చోటల్లా వాటంతటవే ఆగేవి. ఒకరోజు లారీ వస్తుంటే తనకు తెలియకుండానే నాలుక మడిచి మందను మళ్లించే కూత వేశాడు. లారీ పక్కకు పోలేదు గానీ, టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు.

"ఏం పెద్దమనిషీ, గొర్లేడున్నయే?" అని అరిచాడొకడు.

"నీ అసుంటోళ్లనే తోలుకపోతున్న, రా," అన్నాడు ఐలేశం. ఆ మాట అన్నందుకు కొంచెం హుషారొచ్చింది. మలుపు తిరిగాక కళ్లు తుడుచుకున్నాడు.

పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని నమ్మే మనిషి, డాక్టరమ్మ మాట కోసం గట్టిగా నడవడం నేర్చుకున్నాడు. చొక్కా వీపుకు అతుక్కునేదాకా నడిచేవాడు. తిరిగొచ్చేటప్పుడు నీళ్ల ట్యాంకు కారే చోట, బురదలో గుండ్రంగా చిన్న గొడుగుల్లా పాకిన సరస్వతి ఆకు కోసుకొని నమిలేవాడు. ఒగరు, చేదు. నమిలిన కాసేపు కళ్లు మూసుకొని ఎదురుచూసేవాడు, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. గుట్ట అంచున కంప మీద అల్లుకున్న పొడపత్రి కూడా తెంపుకొనేవాడు. ఆ ఆకు నమిలాక చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక లాగ ఉంటుంది. తీపి మీద ఆశ చచ్చిపోతుంది. మనిషికి ఆశలన్నిటికీ అట్లాంటి ఆకులుంటే ఎంత బాగుండు!

నడకదో, ఆకుదో, గోళీలదో, అన్నిటిదో తెలియదు, షుగరైతే దిగింది. తలలో పొగమంచు కూడా కొంత విడిచింది. వారాలు గుర్తుంటున్నాయి. తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తుంటోంది. పాతవి కూడా ఒక్కొక్కటే వస్తున్నాయి. బొల్లిది, కర్రెది, సుక్కది అని తాను పేరు పెట్టుకున్న గొర్రెలన్నీ వచ్చాయి. ఎండాకాలం వలస పోతూ కృష్ణ ఒడ్డున మంద ఆపిన చోట్లు వచ్చాయి. ఆమె కూడా వచ్చింది. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు గుడ్డ వత్తితో పాలు తాగించడం, కూరలో ఉప్పు ఎక్కువేసి "తింటె తిను, లేకపోతె లెవ్వు" అనడం, వానలో గొంగడి ఒక్కటే ఉంటే తానే ముందు లాక్కోవడం. అన్నీ వచ్చాయి. పేరు రాలేదు. చూశారా, గొర్రె పేరు గుర్తుంది, పెండ్లాం పేరు గుర్తులేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసేది.

వానాకాలం చివరికొచ్చింది. ఒకరోజు అన్నం తింటూ మల్లేశ్ అన్నాడు: "బాపూ, ఎల్లుండి పెత్రమాస. నాకు డ్యూటీ ఉన్నది, సెలవియ్యలే. నాగరాణి బతుకమ్మకు తల్లిగారింటికి పోతది. పోయినేడు నేనిచ్చిన గదా, ఈసారి నువ్వే గుడికాడికి పోయి అయ్యగారికి బియ్యమిచ్చి రా. తాత పేరు, నాయనమ్మ పేరు, అమ్మ పేరు చెప్పు."

ఐలేశం చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏంది బాపూ, మరుస్తవా ఏంది?" అని నవ్వాడు కొడుకు.

ఇదే సమయం, అడిగేస్తే అయిపోతుంది అనుకున్నాడు. నోరు తెరిచాడు. "నాకు జెప్తున్నవారా?" అని కసిరాడు. కసురు ముందొచ్చింది, ఏం చేస్తాం!

పెత్రమాస నాడు పెద్దలు వస్తారు. వాళ్ల పేరు పెట్టి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తే ఏడాది పాటు వాళ్లకు ఆకలి ఉండదని నమ్మకం. పేరు చెప్పకుండా ఇచ్చిన బియ్యం ఎవరికీ అందదు. అంటే తాను నోరు మూసుకుంటే కట్టంగూరామె ఏడాదంతా పస్తుంటుంది. బతికున్నప్పుడు మందకు కాపలా ఉన్నవాడికి సద్ది మోసుకొచ్చి, తాను తిన్నదో లేదో ఒక్కనాడు చెప్పని మనిషి. ఆమెను పస్తు పెట్టడమా? ఇక తలకాయ పరువు చూసుకునే సమయం కాదు. మర్నాడు కొడుకూ కోడలూ పనికి పోగానే కట్టంగూరుకు బయలుదేరాడు. అక్కడ మరదలు నర్సింగమ్మ ఉంది, పెండ్లాం చెల్లెలు. మొగుడు పోయినా మేకలు పెట్టుకొని ఒంటరిగా బతుకుతోంది.

ఆ పొద్దున ఆత్రంలో గోళీ వేసుకున్నాడు. వేసుకున్నాడో లేదో అనుమానమొచ్చి ఇంకోటి వేసుకున్నాడు. గిన్నె మూత తీయనే లేదు. దారిలో పొడపత్రి నమిలాడు. బస్సు దిగి ఎండలో నర్సింగమ్మ ఇంటిదాకా నడిచాడు. డాక్టరమ్మ వద్దన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి చేశాడన్నమాట. మేకల దడి కనిపించేసరికి చెమటలు ధారగా కారుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. దడి పట్టుకొని కిందికి జారాడు.

"ఓ బావా! ఇన్నేండ్లకు దారి దప్పినవా?" అని నవ్వుతూ వచ్చిన నర్సింగమ్మ దగ్గరికొచ్చి బెదిరిపోయింది. "ఓయమ్మో, గిట్లయిండేంది! బావా, జర మాట్లాడు!"

"షుగర్... పడ్డది," అన్నాడు ఐలేశం. జేబు తడిమాడు. చక్కెర పొట్లం ఇంట్లోనే ఉంది.

ఆమె లోపలికి ఉరికి బెల్లం ముక్క తెచ్చి నోట్లో కుక్కింది. ఐలేశం మొహం చిట్లించాడు. "మన్ను పెడుతున్నవా?"

"బెల్లమే బావా, నమిలి మింగు!"

"పొడపత్రి తిన్న..."

"నీకు బుద్ధున్నదా? షుగర్ గోళీ, పొడపత్రి, ఉత్త కడుపు. మా అక్కకాడికి పోవుడు గంత తొందరుంటె చెప్పరాదు, నేనే సాగదోలుదును గద!" తిడుతూనే చక్కెర నీళ్లు తాగించింది, పైటకొంగుతో మొహం తుడిచింది, ఇంత అన్నం పెట్టి చల్ల పోసింది. కాసేపటికి వణుకు తగ్గింది. ఎవరైనా ఎదురుగా కూర్చుని తిడుతుంటే అన్నం తిని ఎన్నాళ్లయిందో! ఐలేశం నెమ్మదిగా తిన్నాడు.

తిన్నాక తెలివిగా అడుగుదామనుకున్నాడు. "నర్సింగమ్మా, చిన్నప్పుడు మీ అక్కను మీ అవ్వ ఏమని పిలుస్తుండె?"

"పెద్దపోరీ అని."

"మీ నాయిన?"

"బిడ్డా అని. ఇంకేమంటడు?"

"నువ్వు?"

"అక్కా అంట. ఏంది బావా, ముసలితనంల సర్వే చేస్తున్నవా?"

"వాడకట్టోళ్లు?"

"నర్సింగమ్మ అక్కా అని," అని ఆమె పకపక నవ్వింది. "నేనే మస్తు గాయి గాయి చేస్తుంటి గదా, నా పేరే అందరికి తెలుసు."

చూడండి ఘోరం! తల్లిదండ్రులు ముచ్చటపడి పేరు పెడతారు, తర్వాత ఆ ఆడమనిషిని ఆ పేరుతో పిలిచే నాథుడే ఉండడు. ఐలేశం తెలివి అయిపోయింది. ఎంగిలి చెయ్యి ఎండిపోతుంటే అట్లాగే కూర్చొని అన్నాడు: "నర్సింగమ్మా, నాకు మీ అక్క పేరు యాదికొస్తలేదే. ఎంత దేవులాడినా దొరుకుతలేదు. రేపు పెత్రమాస. ఏమని చెప్పియ్యాలె నేను?" ఆ మాటతో ఏడుపు వచ్చేసింది. దాచుకోలేదు.

నర్సింగమ్మ ముందు నవ్వబోయింది. తర్వాత నవ్వలేదు. దగ్గరికి జరిగి కూర్చుంది.

"పిచ్చి బావా, సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడుతున్నవ్. మీ అమ్మ పేరేంది?"

"గుర్వమ్మ."

"మా అక్క పేరు గూడ గదే."

"మా అమ్మ పేరా?" అన్నాడు ఐలేశం.

"లగ్గం నాడు మీ ఇంటి గడపకాడ ఆపి మీ అక్కచెల్లెండ్లు పేరడిగిరి. నువ్వు గుర్వమ్మ అన్నవ్. పెండ్లాం పేరు చెప్పమంటె వీడు తల్లి పేరు చెప్తుండని అందరు ఒక్కతీరు నవ్విరి. నేను నీ పక్కనే ఉన్న, చిన్నపోరిని. మీ అమ్మకు కోపమొచ్చె. ఒక్కింట్ల ఇద్దరు గుర్వమ్మలేంది, దాన్ని తిడితె నన్ను తిట్టినట్టుంటది, ఇయ్యాల్టి సంది అది కట్టంగూరామె అన్నది. అంతే, ఇగ లోపలికి తోలుకపోయిర్రు."

అవును. గడప గుర్తొచ్చింది, నవ్వులు గుర్తొచ్చాయి, పసుపు బట్టల్లో తల వంచుకొని నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. ఆ పేరు ఆమె గురించి అన్నది జీవితంలో ఆ ఒక్కసారే. తర్వాత అది తల్లి పేరుగానే మిగిలిపోయింది. తాను మరిచిపోయింది ఇప్పుడు కాదు, షుగరు వల్లా కాదు. ఇల్లిల్లంతా కలిసి ఎప్పుడో మరిచిపోయారు.

"మీ అక్క ఎన్నడన్న బాధవడ్డదా?" అని మెల్లగా అడిగాడు.

"అడిగితె తెలుస్తుండె. ఎవలడిగిండ్రు?" అన్నది నర్సింగమ్మ. ఎంగిలి పళ్లెం తీసి పక్కన పెట్టింది. "ఒక్కసారన్నది. మా అత్త పోయినంక నా పేరు నాకొస్తదనుకున్ననే నర్సింగా, గప్పటికి అందరు మరిచిపోయిండ్రు అని. నవ్వుకుంటనే అన్నదిలే."

సాయంత్రం బస్సెక్కించేటప్పుడు నర్సింగమ్మ ఐలేశం జేబులో బెల్లం పెట్టి, చేరినాక ఫోన్ చెయ్యమన్నది. బస్సులో ఆయన ఆ పేరే అనుకుంటూ కూర్చున్నాడు. అనుకున్న ప్రతిసారీ ముందు తల్లి మొహమే వచ్చింది. తల్లిని పక్కకు జరిపి పెండ్లాం మొహాన్ని ఆ పేరుకు తగిలించడానికి చౌటుప్పల్ దాకా కష్టపడ్డాడు.

పెత్రమాస పొద్దున గుడి ముందు వరుస ఉంది. అందరి చేతుల్లో బియ్యం, గుమ్మడికాయ ముక్కలు, చింతపండు ఉన్న పళ్లాలు. ఐలేశం సరస్వతి ఆకు నమిలి, అన్నం తిని, ఒక్కటే గోళీ వేసుకొని వచ్చాడు. తన వంతు వచ్చింది. అయ్యగారు అలసిపోయి ఉన్నాడు, తల ఎత్తకుండానే అడిగాడు.

"తండ్రి పేరు?"

"బీరయ్య."

"తల్లి?"

"గుర్వమ్మ."

"ఇంకెవరు?"

"గుర్వమ్మ."

"అదయింది తాతా. ఇంకెవరన్న ఉన్నరా?"

"గుర్వమ్మ," అన్నాడు ఐలేశం మళ్లీ.

వెనక ఎవరో నవ్వారు. "పాపం, ముసలాయనకు మతిమరుపున్నట్టుంది, చెప్పిందే చెప్తుండు," అన్నదొక ఆడమనిషి, జాలిగానే. అయ్యగారు తల ఎత్తి చూశాడు. ఆయన మొహంలోనూ ఆ జాలే. "వచ్చేసారి కొడుకును తోడు తెచ్చుకో తాతా," అని పళ్లెం పక్కకు జరపబోయాడు.

ఐలేశం పళ్లెం అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకూడదనుకున్న మాట ఇప్పుడు ఇంతమందిలో పడింది. పడితే పడనీ అనిపించింది.

"మతిమరుపున్నది అయ్యా. లేదంటలేను. దవాఖానల గోళీలు తింటున్న, ఆకులు తింటున్న, రోజు నడుస్తున్న. గని గిది మరుపు గాదు. ముందుగాల చెప్పింది నన్ను కన్న గుర్వమ్మ. ఇప్పుడు చెప్పేది నా పెండ్లాం గుర్వమ్మ. ఇద్దరున్నరు."

నవ్వినవాళ్లు నేల చూశారు. అయ్యగారు పళ్లెం మళ్లీ దగ్గరికి తీసుకున్నాడు. ఇంకో దోసెడు బియ్యం వేయమన్నాడు, నీళ్లు వదలమన్నాడు. మంత్రం మధ్యలో మెల్లగా, అలవాటు గొంతుతో గుర్వమ్మ అన్నాడు.

"అయ్యగారూ," అన్నాడు ఐలేశం. చూపు అయ్యగారి మీదే ఉంది, నీళ్లు బియ్యం మీద కాక కింద పడుతున్నాయి. "జర గట్టిగ, కట్టంగూరు గుర్వమ్మ అనుండ్రి. ఉత్త పేరంటె ఆమెకు అలవాటు లేదు. అత్తను పిలుస్తున్నరనుకొని పక్కకు జరుగుతది."

అయ్యగారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఈసారి గొంతెత్తి చెప్పాడు.